అన్న కెంట్‌లో, తమ్ముడు సూరత్‌లో

సూరత్ నగరంలో ఉధనా దాటి నవ్‌సారి మార్గాన దక్షిణంగా సాగే ప్రయాణికునికి పాండేసర దగ్గరపడిందని చెప్పడానికి నామఫలకం అక్కరలేదు. ముందుగా రంగుల వాసన ఎదురువస్తుంది. ఆ వెనుక బాయిలర్ల పొగ, ఆపైన మరమగ్గాల మోత. ఇక్కడి పారిశ్రామికవాడలో అద్దకం మిల్లులు బారులు తీరి ఉన్నాయి. నేసి తెచ్చిన వట్టి గుడ్డ ఈ మిల్లుల్లో రంగు పీల్చుకొని, అచ్చులు వేయించుకొని, చీరగా మారి దేశంలోని మూలమూలల దుకాణాలకు బయలుదేరుతుంది.

ఉదయం ఏడు గంటలకు ఒక షిఫ్టు దిగి మరొకటి ఎక్కుతుంది. మళ్ళీ సాయంత్రం ఏడు గంటలకు అదే మార్పు. ఆ వేళ వీధి మలుపున నిలబడి చెవి ఒగ్గితే ఒడియా, భోజ్‌పురి, మరాఠీ, వాటి నడుమ తెలంగాణ యాసలో తెలుగు వినబడతాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ సీమల పద్మశాలీలు మగ్గాన్ని వెతుక్కుంటూ షోలాపూర్, భివండి, సూరత్ చేరిన కథ తెలుగువారికి కొత్తది కాదు. చేతిమగ్గం చితికిన తరువాత వారికి అన్నం పెట్టినది మరమగ్గమే. దానిని వారు సాంచా అంటారు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే, ఈ వలస ఎంత పాతదో, ఎంత స్థిరపడినదో ఊహించుకోవచ్చు.

షిఫ్టు దిగినవాడు మొహం కడుక్కోకముందే చేసే పని ఒకటున్నది. ఫోను తీసి ఇంటికి మాట్లాడతాడు. "అక్కడ ఎట్లున్నది?" అని అడుగుతాడు. వాన పడిందా, అమ్మకు జ్వరం తగ్గిందా, పంచాయతీ ఎన్నికల్లో ఎవరు గెలిచారు, భూమి తగవు ఏమైంది? ఊరి నుంచి వెయ్యి కిలోమీటర్ల దూరంలో బతుకుతున్నవాని దినచర్యలో ఇది అన్నంతో సమానమైన అవసరం.

ఈ ప్రశ్న సూరత్‌కు కొత్తది కాదు. సుమారు 380 సంవత్సరాల క్రితం ఇదే నగరంలో, తాపీ నది ఒడ్డున, కొందరు ఇంగ్లీషు యువకులు ఇదే ప్రశ్న వేసుకొనేవారు. వారి దేశంలో అప్పుడు రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్నది. అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి ఏడాదిన్నర పట్టేది.

సమాధుల తోటలో

పాండేసర నుంచి ఉత్తరంగా, నగరం నడిబొడ్డును దాటి, సుమారు పది కిలోమీటర్లు వెళితే కతార్‌గామ్ ద్వారం ప్రాంతం వస్తుంది. అక్కడ వాహనాల రొదకు ఓరగా పాత ఇంగ్లీషువారి శ్మశానవాటిక ఉన్నది. భారత పురావస్తు శాఖ దానిని రక్షిత స్థలంగా కాపాడుతున్నది. లోపలికి అడుగుపెట్టిన కొత్తవాడు మొదట తికమకపడతాడు. ఇవి క్రైస్తవుల సమాధులా, లేక ఎవరో నవాబుల దర్గాలా? గుమ్మటాలు, కమానులు, స్తంభాలు, మెట్లు. బతికి ఉన్నప్పుడు మొగలు ప్రభువుల ఆడంబరాన్ని చూసి ముచ్చటపడిన వర్తకులు మరణించిన తరువాత దానిని అనుకరించారు. చేరువలోనే ఉన్న డచ్చివారి శ్మశానంలోనూ అదే పోటీ కనబడుతుంది.

వీటన్నిటిలో పెద్దది ఆక్సిండెన్ సోదరులది. రెండంతస్తుల ఆ గుమ్మటం కట్టడంలో ఇద్దరు అన్నదమ్ముల స్మృతి నిలిచి ఉన్నది. ఒకడు 1659 లో మరణించిన క్రిస్టఫర్. మరొకడు 1669 జులై 14న మరణించిన సర్ జార్జ్, సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ ప్రెసిడెంటు. వీరి పెద్దన్న హెన్రీ ఆక్సిండెన్ ఇక్కడ లేడు. ఆయన ఇంగ్లండు ఆగ్నేయ మూలన ఉన్న కెంట్ మండలంలో పుట్టి, అక్కడే రాజకీయాలు నడిపి, అక్కడే వృద్ధుడైనాడు. అన్న జీవితం తెలియనిదే తమ్ముళ్ళ సమాధి అర్థం కాదు.

ఒక ఇంటి పంపకం

కెంట్‌లో కాంటర్‌బరీ పట్టణానికి తూర్పున, సుమారు పది కిలోమీటర్ల దూరంలో వింగమ్ అనే గ్రామం ఉన్నది. దాని పక్కనే డీన్ అనే భవనం ఆక్సిండెన్ల నివాసం. ఇంటి పెద్ద సర్ జేమ్స్. ఆయన జ్యేష్ఠపుత్రుడు హెన్రీ 1614 లో పుట్టాడు. మూడవవాడు జార్జ్, 1620 లో.

ఆనాటి ఇంగ్లండు భూస్వాముల ఇళ్ళలో సాధారణంగా భూమిని పంచేవారు కాదు. యావత్తు ఆస్తి పెద్దకొడుకుదే. తక్కినవారు న్యాయవాదులో, మతగురువులో, సైనికులో, వర్తకులో కావలసిందే. తెలుగునాట ఆచారం దీనికి విరుద్ధం. ఇక్కడ కొడుకులందరికీ వాటాలు వేస్తారు. తరం తరానికీ పొలం చిన్నదవుతూ చివరికి ఎవరికీ చాలకుండా పోతుంది. ఒక దేశంలో పంచనందువల్ల చిన్నవాళ్ళు ఇల్లు విడిచారు. మరొక దేశంలో పంచినందువల్ల అందరూ విడవవలసి వచ్చింది. దారులు వేరైనా ఇద్దరూ చేరినది సూరత్‌కే.

జార్జ్ యౌవనం కంపెనీ కొలువులో, ఈ దేశంలోనే గడిచింది. పెద్దన్నకు భూమితోపాటు మరొక బరువు కూడా సంక్రమించింది. మండలంలో శాంతిభద్రతలు చూడటం, పన్నులు వసూలు చేయించడం, తగవులు తీర్చడం, అవసరమైనప్పుడు పార్లమెంటులో కూర్చోవడం ఆనాటి పెద్దకమతందారుల విధులు. జీతం లేని ఆ పెత్తనం మామూలు రోజుల్లో గౌరవం, యుద్ధకాలంలో గండం.

కెంట్‌లో యుద్ధం

1642 ఆగస్టు 22న ఒకటవ చార్లెస్ రాజు నాటింగమ్‌లో యుద్ధధ్వజం ఎత్తాడు. అంతర్యుద్ధం అనగానే రెండు సేనలు, రెండు రంగులు, నడుమ ఒక మైదానం మనసులో మెదులుతాయి. కెంట్ వంటి మండలాల్లో యుద్ధం రూపం వేరు. అక్కడ మొదటి ఆరేళ్ళలో పెద్ద పోరాటాలు జరగలేదు. ఆ ఆగస్టులోనే పార్లమెంటు పంపిన అశ్వికదళం వచ్చి రాజభక్తుల ఇళ్ళు సోదా చేసి ఆయుధాలు పట్టుకుపోయింది. అది మొదలు మండలం పార్లమెంటు చేతిలోనే ఉండిపోయింది. అక్కడ యుద్ధం తుపాకులతో గాక కమిటీలతో జరిగింది.

ప్రతి మండలానికీ ఒక కమిటీ ఏర్పడింది. కెంట్ కమిటీకి సర్ ఆంథొనీ వెల్డన్ అనే కఠినుడు నాయకుడు. ఎవరు ఎంత పన్ను చెల్లించాలి, ఎవరి ఎస్టేటు జప్తు కావాలి, ఎవరు నమ్మదగినవారు అన్నవి ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారే తేల్చేవారు. కూర్చున్నవారూ, ఎదుట నిలబడినవారూ తరచుగా బంధువులే. నిన్న ఒకే విందులో భోంచేసినవారిలో ఒకడు నేడు పన్ను వేస్తాడు, మరొకడు కడతాడు. పల్లెటూరి కక్షలు తెలిసిన తెలుగు పాఠకునికి ఈ పరిస్థితి వివరించనక్కరలేదు.

ఆ ఒత్తిడిలో మనుషులు ఎలా విరిగిపోయారో చెప్పడానికి సర్ ఎడ్వర్డ్ డెరింగ్ చాలు. ఆయన కెంట్ ప్రతినిధి, గొప్ప పండితుడు. 1641 లో బిషప్పుల అధికారాన్ని వేళ్ళతో సహా పెకలించాలనే బిల్లును సభలో ప్రవేశపెట్టినది ఆయనే. మరుసటి ఏడు అదే సభ ఆయనను వెళ్ళగొట్టింది. రాజు పక్షం చేరాడు. అక్కడా ఇమడలేక 1644 ఆరంభంలో తిరిగి వచ్చి పార్లమెంటు క్షమాపణ కోరాడు. ఆ వేసవిలోనే మరణించాడు. రెండు పక్షాలనూ అర్థం చేసుకోగలిగినవానికి రెండు పక్షాల్లోనూ చోటు దొరకలేదు.

హెన్రీ ఆక్సిండెన్ అంత పండితుడు కాడు, అంత చపలుడూ కాడు. పార్లమెంటు పక్షాన నిలిచి, యుద్ధం ముగింపునకు వస్తున్న దశలో వించెల్సీ రేవు పట్టణం తరఫున కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. చరిత్ర గ్రంథాలలో ఆయనకు దక్కిన చోటు స్వల్పం. గొప్ప ఉపన్యాసమో గొప్ప ద్రోహమో ఆయన పేర నిలవలేదు. ఊళ్ళో యుద్ధం జరుగుతున్నంత కాలం ఊళ్ళోనే ఉండి, ఇంటినీ మండలాన్నీ కూలిపోకుండా పట్టుకొన్న అనేకులలో ఆయన ఒకడు.

ఆ ఇంట్లో మరొక హెన్రీ ఉన్నాడు. బారమ్ గ్రామానికి చెందిన ఆయన దాయాది, పేరూ అదే. కవి, పుస్తకప్రియుడు, చిన్న భూస్వామి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ దాచిపెట్టడం ఆయన అలవాటు. ఆ పుణ్యమా అని ఒక మండలం యుద్ధకాలంలో ఎలా బతికిందో లోకానికి తెలిసింది. 1933 లోను, 1937 లోను ఆ ఉత్తరాలు రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. పెళ్ళి సంబంధాలు, అప్పులు, వ్యాధులు, గుర్రాలు, వాటి నడుమ రాజ్యం తలకిందులు కావడం. ఒకే కాగితం మీద రెండూ ఉంటాయి. యుద్ధం సాగుతున్నదని జీవితం ఆగదు.

1647 డిసెంబరులో కాంటర్‌బరీలో జరిగిన ఘటన ఆ జీవితానికీ రాజకీయానికీ మధ్యనున్న దూరాన్ని బయటపెట్టింది. క్రిస్మస్ పండుగను మూఢాచారమని పార్లమెంటు నిషేధించింది. డిసెంబరు 25న దుకాణాలు తెరిచి ఉంచాలని మేయరు ఆజ్ఞాపించాడు. సంక్రాంతినాడు ముగ్గు వేయరాదని ఆజ్ఞ వస్తే మన పల్లెలు ఎలా స్పందిస్తాయో అలాగే ఆ పట్టణం స్పందించింది. అల్లరి చెలరేగింది. తెరిచిన దుకాణాల సరుకు వీధిపాలైంది. 1648 మే నెలలో నిందితుల మీద అభియోగం మోపడానికి జ్యూరీ నిరాకరించింది. అక్కడినుంచి తిరుగుబాటు మండలమంతటా అంటుకొన్నది. జూన్ 1న మెయిడ్‌స్టన్ వీధుల్లో వాన కురుస్తున్న రాత్రి ఫేర్‌ఫాక్స్ సేన దానిని అణచివేసింది. ఆరేళ్ళపాటు కమిటీ గదుల్లో సాగిన యుద్ధం చివరికి నెత్తురుగా వీధిలోకి వచ్చింది.

సువాలీ రేవులో వార్తలు

ఈ ఆరేళ్ళూ సూరత్‌లో తమ్ముళ్ళ వంటివారి బతుకు ఎలా గడిచింది?

ఇంగ్లీషువారి వర్తకస్థానం నగరంలో ఉండేది. పెద్ద ఓడలు తాపీ ముఖద్వారానికి వెలుపల సువాలీ రేవులో లంగరు వేసేవి. వర్షాకాలం వెళ్ళాక, సెప్టెంబరు అక్టోబరు మాసాల్లో ఓడలు వచ్చేవి. వాటితోపాటే ఇంటి వార్తలు. పాండేసర అప్పటి నగరానికి వెలుపలి పల్లె. పత్తి, నీలిమందు, గుడ్డ మాత్రం ఇటువంటి వెలుపలి పల్లెల నుంచే బండ్లమీద కోఠీకి చేరేవి.

కోఠీ జీవితాన్ని 1638 లో అక్కడ అతిథిగా ఉన్న జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో వర్ణించాడు. ఉదయం ఆరు గంటలకూ రాత్రి ఎనిమిది గంటలకూ అందరూ కలిసి ప్రార్థన. ఒకే బల్ల దగ్గర భోజనం. శుక్రవారం ప్రార్థన ముగిశాక ఇంగ్లండులో ఉన్న భార్యలను తలచుకొని పానపాత్రలు ఎత్తడం ఆచారం. ఆ రోజుల్లో కోఠీ ప్రెసిడెంటు విలియం మెత్‌వల్డ్ తెలుగువారికి పరాయివాడు కాడు. అంతకుముందు ఆయన మచిలీపట్నంలో పనిచేశాడు. గోల్కొండ రాజ్యాన్ని గూర్చి ఆయన రాసిన వృత్తాంతం 1626 లో లండన్‌లో అచ్చయింది. తెలుగునేలను ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేసిన తొలి రచనలలో అది ఒకటి.

యుద్ధం రాకముందే దాని సెగ కంపెనీకి తగిలింది. 1640 లో డబ్బు చాలని చార్లెస్ రాజు కంపెనీ గిడ్డంగిలోని 6 లక్షల పౌన్ల తూకానికి పైబడిన మిరియాలను అరువుకు కొని, అంతకు తక్కువ ధరకు రొక్కానికి అమ్ముకొన్నాడు. ఆ బాకీ కంపెనీని ఏళ్ళ తరబడి వెంటాడింది. యుద్ధం మొదలైన తరువాత లండన్‌లో పెట్టుబడి పెట్టేవారు కరువయ్యారు. డబ్బు లేని కోఠీ సూరత్ షాహుకారుల గుమ్మం తొక్కింది. ఆ నగరపు మహా ధనికుడు, జైన వర్తకుడు వీర్జీ వోరా ఇంగ్లీషువారికి పెద్ద ఋణదాత. ఇంగ్లండులో రాజు, పార్లమెంటు పోరాడుకొంటుంటే, ఆ పోరుకు వడ్డీ సూరత్‌లో కట్టవలసి వచ్చింది.

1644 లో యుద్ధం స్వయంగా ఓడ ఎక్కి హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. సూరత్‌కు సరుకుతో బయలుదేరిన 'జాన్' అనే కంపెనీ ఓడకు జాన్ మక్‌నెల్ కెప్టెన్. ఆయన రాజభక్తుడు. కొమొరో దీవులలోని జొహన్నా వద్ద ఓడమీది వర్తకాధికారినీ మరికొందరినీ ఒడ్డున వదిలివేసి, ఓడను రాజు పేర స్వాధీనం చేసుకొని వెనుదిరిగాడు. ఆనాడు రాజు పక్షం చేతిలో ఉన్న బ్రిస్టల్ రేవుకు దానిని చేర్చాడు. సువాలీ రేవులో ఆ ఓడ కోసం చూసినవారికి అది రాలేదు. రాకపోవడమే వారికి అందిన యుద్ధవార్త.

మరొక సమాధి ఇదే తోటలో ఉన్నది. 1644 నుంచి ప్రెసిడెంటుగా ఉన్న ఫ్రాన్సిస్ బ్రెటన్‌ది. యుద్ధకాలమంతా కోఠీని నడిపినది ఆయనే. 1649 జనవరి 30న లండన్‌లో చార్లెస్ రాజును శిరచ్ఛేదం చేశారు. ఓడ ప్రయాణం ఆరు నుంచి ఎనిమిది నెలలు. బ్రెటన్ ఆ జులై నెలలోనే సూరత్‌లో కన్నుమూశాడు. రాజుగారి ప్రజగా ఇల్లు విడిచి వచ్చినవాడు, రాజే లేని దేశపు ఉద్యోగిగా మరణించాడు.

దూరంగా ఉన్నవాని విచిత్ర పరిస్థితి ఇది. తాను కదలకుండానే తన దేశం మారిపోతుంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన ఉదయం సూరత్‌లో సాంచాల ముందు నిలబడి ఉన్న నేతపనివారికి కూడా ఇటువంటిదే జరిగింది. అది యుద్ధం కాదు, చట్టప్రకారం జరిగిన మార్పు. అయినా ఒక రాష్ట్రం నుంచి వచ్చినవారు తెల్లవారేసరికి మరొక రాష్ట్రం వారయ్యారు. కొందరికి అది దశాబ్దాల ఆకాంక్ష. ఆ సంబరం మాత్రం ఫోనులోనే.

సూరత్‌లో అన్నదమ్ముల పోరు

స్వదేశపు అంతర్యుద్ధాన్ని దూరం నుంచి విన్నవారు ఒక అంతర్యుద్ధాన్ని కిటికీలోనుంచి చూడవలసి వచ్చింది. 1657 లో షాజహాన్ జబ్బుపడగానే నలుగురు కుమారులూ సింహాసనానికి సిద్ధమయ్యారు. గుజరాత్ సుబేదారుగా ఉన్న మురాద్ బక్ష్ తన సేనను సూరత్ మీదికి పంపాడు. ఆ డిసెంబరులో కోట లొంగిపోయింది. నగరపు షాహుకారుల నుంచి 5 లక్షల రూపాయలు 'అప్పు'గా గుంజారు. ఇచ్చినవారిలో వీర్జీ వోరా ఒకడు. తిరిగి చెల్లించవలసిన మురాద్‌ను కొద్ది నెలల్లోనే ఔరంగజేబు బంధించాడు, తరువాత చంపించాడు.

లండన్‌లో మిరియాలు, సూరత్‌లో రొక్కం. రాజులు పోరాడుకొన్న చోటల్లా వర్తకుని గిడ్డంగి ఖాళీ అవుతుంది. వర్తకుడు తన నష్టాన్ని నేతగాని మీదికి నెట్టగలడు. నేతగానికి నెట్టడానికి ఎవరూ ఉండరు. 1630-32 నాటి గుజరాత్ కరవులో అది బయటపడింది. ఆ కరవులో నేతగాళ్ళు అసంఖ్యాకంగా మరణించారు, మిగిలినవారు వలసపోయారు. సూరత్ చుట్టుపక్కల నేసేవారు లేక ఇంగ్లీషువారు గుడ్డకోసం ఇతర సీమలవైపు చూడవలసి వచ్చింది. ఆ నేతగాళ్ళకు గుమ్మటాలు లేవు.

మురాద్ సేన పోయిన ఏడాదిన్నరకు, 1659 లో, క్రిస్టఫర్ ఆక్సిండెన్ మరణించాడు. ఆయన సమాధిమీది లాటిన్ లేఖనం వర్తకుని చిట్టా భాషలో ఉన్నది. ఆయన జమాఖర్చులు సంవత్సరాలలో గాక రోజులలోనే ముగిశాయనీ, మృత్యువు హఠాత్తుగా వచ్చి లెక్క అప్పజెప్పమన్నదనీ, యజమానులకు నష్టమైనా ఆయన ఖాతాలో మిగిలినది లాభమేననీ దాని భావం. దుఃఖాన్ని చెప్పుకోవడానికి కూడా ఆ ఇంటికి అప్పటికి బాగా తెలిసిన భాష లెక్కల భాషే అయింది.

చక్రం తిరిగింది

ఇంగ్లండులో క్రామ్‌వెల్ ఏలుబడిలో 1654 లోను, 1656 లోను సమావేశమైన పార్లమెంటులకు హెన్రీ ఆక్సిండెన్ కెంట్ తరఫున ఎన్నికయ్యాడు. క్రామ్‌వెల్ పోయాడు. 1660 మే 25న రెండవ చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగి వచ్చి ఓడ దిగినది కెంట్ మండలంలోని డోవర్ రేవులోనే. రాజును తిరిగి పిలిచిన ఆ పార్లమెంటులోనూ హెన్రీ ఉన్నాడు, ఈసారి సాండ్విచ్ పట్టణం తరఫున. రాజు లేని కాలంలో సభలో కూర్చున్నవాడే రాజు వచ్చిన తరువాతా కూర్చున్నాడు. 1678 లో బారొనెట్ బిరుదు కూడా అందుకొన్నాడు. దీనిని అవకాశవాదం అనేవారు ఉండవచ్చు. కాని డెరింగ్ వంటివారు నేలరాలిన మండలంలో, ఇరవై ఏళ్ళ కల్లోలం తరువాత ఇల్లు, భూమి, బంధుత్వం మిగుల్చుకోవడం చిన్న విషయం కాదు. రాష్ట్ర రాజధానికి దూరంగా, సొంత తాలూకాలో బతికే రాజకీయవేత్త నైపుణ్యం ఎప్పుడూ ఇదే. ఎవరు గెలిచినా మర్నాడు ఓడినవాని ఇంటిముందు నుంచే నడిచి వెళ్ళాలి.

అన్న ఆ విధంగా నిలదొక్కుకొన్న ఇంటి పేరు తమ్మునికి అండ అయింది. 1661 నవంబరులో జార్జ్‌కు సర్ బిరుదు లభించింది. మరుసటి ఏడు ప్రెసిడెంటుగా సూరత్ చేరాడు. 1664 జనవరిలో శివాజీ సేన నగరాన్ని ముట్టడించినప్పుడు మొగలు ఫౌజుదారు కోటలో దాక్కున్నాడు. జార్జ్ సుమారు రెండువందల మందితో డప్పులు, బాకాలు మోగిస్తూ వీధుల్లో కవాతు చేయించి కోఠీని నిలబెట్టాడు. కోఠీ దక్కింది. వీర్జీ వోరా వంటి షాహుకారుల ఇళ్ళు దక్కలేదు. ఔరంగజేబు ఖిలత్తు పంపి సుంకం రాయితీ ఇచ్చాడు, కంపెనీ బంగారు పతకం ఇచ్చింది. 1668 లో బొంబాయి దీవి కంపెనీ వశమైనప్పుడు దాని ప్రథమ గవర్నరు పదవి కూడా ఆయనదే. చరిత్ర ఎంత చిత్రమైనదంటే, 1674 లో రాయగఢ్‌లో శివాజీ పట్టాభిషేకానికి కంపెనీ దూతగా హాజరైనది కూడా ఒక హెన్రీ ఆక్సిండెన్, ఈ కుటుంబంవాడే.

ఆనాటికి ఇంగ్లండులో యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాయి. కాని దూరదేశంలో పాత కక్షలు ఆలస్యంగా చల్లారుతాయి. 1665 లో మద్రాసు కోటలో, అంతకుముందు మచిలీపట్నం తీరంలో దీర్ఘకాలం పనిచేసిన సర్ ఎడ్వర్డ్ వింటర్, తనకు బదులుగా వచ్చిన అధికారి జార్జ్ ఫాక్స్‌క్రాఫ్ట్ రాజద్రోహపు మాటలు అన్నాడని ఆరోపించి ఆయనను ఖైదు చేశాడు. మూడేళ్ళపాటు కోట వింటర్ చేతిలోనే ఉన్నది. కెంట్‌లో ఒకే బల్ల దగ్గర భోంచేయడం మళ్ళీ నేర్చుకొన్నవారి దేశస్థులు, కోరమండల్ ఒడ్డున ఇంకా రాజు పక్షం, రాజు వ్యతిరేక పక్షం అంటూ కొట్టుకొంటున్నారు. ఇంట్లో ఉన్నవారికి రాజీపడక తప్పదు. దూరంగా ఉన్నవానికి ఆ నిర్బంధం లేదు. వాడు మోసుకువచ్చిన కోపం వాడితోనే ఉండిపోతుంది.

మళ్ళీ పాండేసర

సమాధుల తోట నుంచి దక్షిణంగా తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఏడు గంటలు కావస్తుంది. సాంచాల మీద పనిచేసేవారి కూలి గుడ్డ మీటర్లలో లెక్క. పని నిలిచిన రోజు లెక్కలో ఉండదు. 2020 వసంతంలో లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు ఆ మాటకు అర్థం తెలిసింది. మగ్గాలు ఆగిపోయాయి, కూలి ఆగిపోయింది, రైళ్ళు ఆగిపోయాయి. పాండేసరతో సహా సూరత్ కార్మికవాడల్లో వేలమంది వీధుల్లోకి వచ్చి ఒకే మాట అడిగారు, తమను ఇంటికి పంపమని. వారికి ఇంటి వార్తలు నిమిషాల్లో అందుతున్నాయి. అందనిది ఇల్లే.

కెంట్ సోదరులకు వార్త ఆలస్యం. పాండేసర సోదరులకు దారి దూరం. ఇంటి దగ్గర ఉండి భారం మోసేవానికీ, దూరాన ఉండి డబ్బు పంపేవానికీ మధ్య ఎవరు ఎక్కువ చేశారన్న తగవు ప్రతి కుటుంబంలోనూ ఉంటుంది. ఆక్సిండెన్ల ఇంట ఆ తగవు తేలిందో లేదో గాని, రెండు వైపుల కాగితాలూ మిగిలాయి. బారమ్ హెన్రీ దాచిన కెంట్ ఉత్తరాలు, సర్ జార్జ్‌కు సూరత్‌లో అందిన ఉత్తరాలు, రెండూ నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి.

మిల్లు గేటు వద్ద షిఫ్టు మారింది. చేతులకు నీలిరంగు మరకలు వదలని ఒక యువకుడు గోడవారగా నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల అన్న. ఇంటి సరిహద్దు గోడ గురించి ఏదో మాట పెరిగింది. కాసేపటికి యువకుడే గొంతు తగ్గించాడు.

"సరే అన్నా. నువ్వే దగ్గరున్నవు. నువ్వు చూసుకో" అన్నాడు.

వెనుక సాంచాలు మళ్ళీ మోగడం మొదలుపెట్టాయి.